చిన్నాయన మెడలో మామూ తువ్వాల

మొన్న మా చెల్లెలింట్లో శుభకార్యానికి ఖమ్మం వెళ్ళి, తిరుగు ప్రయాణంలో హైదరాబాదు బస్సు కోసం బస్టాండులో కూర్చున్నాను. ఒళ్ళో చెల్లెలు కట్టిచ్చిన బిర్యానీ డబ్బా, ఇంకా వెచ్చగానే ఉంది. పక్కన పాతికేళ్ళ మనిషి ఒకడు, మెడలో ఆఫీసు కార్డు వేలాడుతూ, ఫోనులో ఏదో ఆట ఆడుతున్నాడు. ఆ చప్పుడు వినగానే నా ప్రాణం చివుక్కుమంది. ఠంగ్, ఠంగ్, ఠంగ్. మూడే దెబ్బలు, ఆ వెంటనే గలగలమని రత్నాలు రాలిన శబ్దం. ఓరకంట చూశాను. పాడుబడిన కోట గుమ్మం, దాని పక్కన నడుమెత్తు నిలువురాయి, ఆ రాయి మెడకు ఆకుపచ్చ గళ్ళ తువ్వాల. నోరు మూసుకుని కూర్చోవాల్సింది. "మంచిగుందా ఆట?" అని అడిగాను. "టైంపాస్ అంకుల్. ఈ రాయిని కొడితేనే తలుపు తెరుస్తది. మల్ల లేస్తది, మల్ల కొట్టాలె" అన్నాడు తల ఎత్తకుండానే. ఆ రాయిని గీసింది నేనే. తువ్వాల మాత్రం మా మామూది.

మామూ అంటే మా అమ్మీకి తమ్ముడు, నాకు మేనమామ. నలభై ఏళ్ళు అడవి సంతల్లో బేరం చేశాడు. కారేపల్లి దాటి అడవి మొదలయ్యే చోటు నుంచి భద్రాచలం వైపు గూడేల దాకా, ఏ వారం ఎక్కడ సంతో ఆయనకు కేలెండరు లేకుండా తెలుసు. వేసవిలో ఇప్పపువ్వు, ఆ తర్వాత చింతపండు, అడ్డాకులు, కొండచీపుళ్ళు. ఆయన మోపెడ్ మీద సరుకు ఎక్కిస్తే వెనక నుంచి చూసేవాళ్ళకు మోపెడ్ కనిపించేది కాదు, మామూ కనిపించేవాడు కాదు, ఒక చీపుళ్ళ మోపు దానంతటదే రోడ్డు మీద పోతున్నట్టుండేది. భుజాన ఎప్పుడూ ఆకుపచ్చ గళ్ళ తువ్వాల. అదొక్కటే రకం కొనేవాడు, చిరిగితే మళ్ళీ అదే. వైరాలో చేపలు కొనేటప్పుడు అందులోనే మూట కట్టేవాడు, మర్నాడు అదే ఉతికి ఆరేసి నమాజుకు తలకు చుట్టుకునేవాడు. అత్త మొత్తుకునేది. ఇంట్లో మాది ఉర్దూయే అయినా మామూకు బాగా ప్రేమ వచ్చినా, బాగా కోపం వచ్చినా తెలుగులోకి దిగేవాడు. అందుకని ఆయన తెలుగు మొదలుపెట్టగానే ప్రేమో కోపమో తెలియక పిల్లలం ముందు రెండడుగులు వెనక్కి వేసేవాళ్ళం.

ఆయన కాంటా ముల్లు వైపు ఎవరూ చూసేవాళ్ళు కాదు. ఇది నేను కళ్ళారా చూశాను. మిగతా బేరగాళ్ళ దగ్గర ఆడవాళ్ళు వంగి, ముల్లు మధ్యకొచ్చిందా లేదా అని రెండుసార్లు చూసి గానీ గంప వంచరు. మామూ దగ్గరికొచ్చేసరికి గంప అక్కడ పెట్టేసి, ఉప్పు కొనుక్కోవడానికి వెళ్ళిపోయేవాళ్ళు. ఆయన తూచి పెడితే వచ్చి డబ్బులు తీసుకునేవాళ్ళు. మామూ దాని గురించి ఎప్పుడూ గొప్పలు చెప్పుకోలేదు. గొప్పలన్నీ వంట గురించి చెప్పుకునేవాడు, అదేమో ఆయనకు రాదు.

ఇక నా సంగతి. మా అబ్బా, అంటే నాన్న, ఖమ్మంలో రేకు పెట్టెల మీద పూలూ చిలకలూ వేసేవాడు. ఆ చెయ్యి నాకొచ్చింది. నేను కొన్నాళ్ళు సైను బోర్డులు రాసి, కంప్యూటరు నేర్చుకుని, చివరికి హైదరాబాదులో ఫోను ఆటలు తయారుచేసే ఒక ఆఫీసులో చేరాను. ఆటలో కనిపించే కొండలు, కోటలు, గుహలు గీయడం నా పని. అక్కడ అందరూ నా పిల్లల వయసువాళ్ళు. నన్ను అంకుల్ అని పిలిచి, నా ముందే నాకు ఉద్యోగం ఎన్నాళ్ళుంటుందోనని జాలిపడేవాళ్ళు. ఏడేళ్ళ కింద ఒక కొత్త ఆట మొదలైంది. మంత్రాలు, రాక్షసులు, మాయమైన రాజ్యం. ఎక్కడా చూడని కోట కావాలన్నారు. నెట్‌లో దొరికే కోటలన్నీ అందరూ వాడేసినవే. నేను కూసుమంచి గుడి ఫోటోలు చూపించాను. గుడి వద్దు, కోటే కావాలన్నారు. అప్పుడు నాకు మామూ చెప్పే గుట్ట మీది కోట గుర్తొచ్చింది. "నాకు తెలిసిన కోట ఒకటుంది" అన్నాను. ఆ గదిలో పిల్లలందరూ ఒక్కసారిగా నా వైపు తిరిగారు. అలా తిరిగి చాలాకాలమైంది. ఆ సంతోషం ఇప్పుడు తలుచుకున్నా కొంచెం రోతగానే ఉంటుంది.

శీతాకాలంలో మామూ వెంట వెళ్ళాను. గుట్ట కింద గూడెం. అక్కడ మామూ చెల్లె అని పిలిచే ఒకావిడ ఉండేది, కోయామె. మామూకు చెల్లె కాబట్టి నాకు చిన్నమ్మ. సన్నగా, నిటారుగా ఉండి, తక్కువ మాట్లాడే మనిషి. గూడెంలో ఎవరూ ఆమెను అడగందే గుట్ట ఎక్కరని దారిలో మామూ చెప్పాడు. ఆమే ముందు నడిచింది. కోటంటే మీరు పెద్దగా ఊహించుకోవద్దు. సగం కూలిన గుమ్మం, వేళ్ళు పట్టుకుని ఉండటం వల్ల మాత్రమే నిలిచిన నాలుగు గోడలు, ఎండిపోయిన ఒక రాతి తొట్టి. ఏ రాజుదో ఎవరికీ తెలియదు. కానీ గోడల మీద పడ్డ ఎండ, రాళ్ళ సందుల్లోంచి వచ్చిన చెట్లు, ఆ తడి ఆకుల వాసన చూసి నాకు పిచ్చెక్కింది. ఏ రాయిని వదలకుండా ఫోటోలు తీశాను. గుమ్మం పక్కన నడుమెత్తు రాయి ఒకటి నిలబెట్టి ఉంది, ఎడమ భుజం కాస్త వంగిన మనిషిలాగా. ద్వారపాలకుడి స్తంభమనుకున్నాను. చేతులు ఖాళీ కావాలని నా కెమెరా సంచి దాని మీద తగిలించి, పక్కనే టిఫిన్ డబ్బా పెట్టి, చెప్పులో పడ్డ ముల్లు తీసుకోవడానికి కాలెత్తి ఆ రాయికే ఆనించాను.

మామూ "అరే!" అన్నాడు. చిన్నమ్మ కేకలు వెయ్యలేదు. "కాలు దించు బిడ్డా. ఆయన నీకు చిన్నాయన అయితడు" అంది.

అది కోటది కాదు. ఆమె భర్త పోయినప్పుడు ఆయన పేర నిలబెట్టిన రాయి. ఆ గూడెంలో పోయినవాళ్ళకు అలా రాళ్ళు పాతుతారు. బతికినన్నాళ్ళూ ఆయనకు గుట్ట మీద మేకలు కాసుకోవడం ఇష్టమని ఆయన్ని ఇక్కడ నిలబెట్టుకున్నారు. నేను కోట వయసు లెక్కకట్టిన ఆ రాయి నా బండి లైసెన్సు కంటే వయసులో చిన్నది. సంచి తీశాను, డబ్బా తీశాను, కాలు ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. మామూ తన తువ్వాలతో ఆ రాయిని పైనుంచి కిందికి తుడిచి, దుమ్ము దులిపి, చివరికి ఆ తువ్వాలను దాని మెడకు కట్టాడు. పెళ్ళిలో బంధువుకు బట్టలు పెట్టినట్టు. అప్పుడు చిన్నమ్మ తమ ఇంటి పద్ధతి చెప్పింది. ఆయన ముందుకు కొత్త మనిషి వస్తే తను ఎవరి మనిషో చెప్పాలి. పేరూ ఊరూ అక్కర్లేదు, ఎవరి మనిషో చెబితే చాలు. నేను నోరు తెరిచేలోపే మామూ రాయి వైపు చూసి, "నా మనిషి బావా. మా అక్క కొడుకు. తెల్వక చేసిండు" అన్నాడు.

"గుట్ట మీద ఎన్ని ఫోటోలన్న తీస్కో. ఈయనది వద్దు" అంది చిన్నమ్మ.

"తియ్యడు చెల్లె. నాది జిమ్మా" అని పూచీ పడ్డాడు మామూ.

నేను తలూపాను. వాళ్ళ ముందే రాయి ఫోటోలన్నీ చెరిపేశాను. నిజంగానే చెరిపాను. కానీ దిగేటప్పుడు వాళ్ళిద్దరూ ముందు నడుస్తుంటే ఒకసారి వెనక్కి తిరిగాను. సాయంత్రపు ఎండ గుమ్మంలోంచి పడి, ఆ బూడిదరంగు రాయి మీద ఆకుపచ్చ తువ్వాల వెలుగుతోంది. ఒక్కటే ఫోటో తీశాను. చప్పుడు రాకుండా కెమెరా శబ్దం ముందే ఆపేసి తీశాను. పొరపాటున తీశానని ఎన్నోసార్లు నాకు నేనే చెప్పుకుందామని చూశాను, కానీ పొరపాటు చేసేవాడు శబ్దం ఆపుకోడు.

ఆఫీసులో అన్నిటికంటే అందరికీ నచ్చింది ఆ ఒక్క బొమ్మే. గుమ్మం దగ్గర రాయి నిలబడి, వచ్చినవాణ్ణి "ఎవరి మనిషివి?" అని అడగాలని, సరైన జవాబు చెప్పినవాడికే తలుపు తెరుచుకోవాలని రాసిచ్చాను. చిన్నమ్మ ఇంటి పద్ధతిని కూడా పట్టుకొచ్చేశానన్నమాట, ఏదీ వదల్లేదు. మా టీముకు పెద్ద ఒకమ్మాయి, మంచి పిల్ల, నా బొమ్మలంటే గౌరవం. "అంకుల్, ఆడేవాళ్ళు చదవరు. కొట్టడానికి ఏదైనా ఉండాలి" అంది. రాయి మాట్లాడటం పోయింది. మూడు సుత్తి దెబ్బలు, రత్నాలు. అప్పుడైనా అది రాయి కాదమ్మా, ఒక మనిషి అని చెప్పవచ్చు. చెబితే ఫోటో ఎలా వచ్చిందో కూడా చెప్పాలి. "సరే" అన్నాను. ఆట బాగా ఆడింది. నన్ను జాలిగా చూడటం మానేశారు.

రెండేళ్ళు గడిచాయి. ఎవరో కుర్రకారు ఆ గుట్ట ఎక్కి, ఆటలోని బొమ్మనూ అసలు రాయినీ పక్కపక్కన పెట్టి నెట్‌లో వేశారు. దాంతో అట్ట సుత్తులు పట్టుకుని వీడియోలు తీసుకునేవాళ్ళు మొదలయ్యారు. ఆ తర్వాత, ఊరికే ఆటలో పెడతారా, కింద నిధి ఉండబట్టే పెట్టారని నమ్మినవాళ్ళు వచ్చారు. గూడెమంతా ఇప్పపువ్వు ఏరుకోవడానికి అడవిలోకి పోయిన ఒక పొద్దున గడ్డపారలతో వచ్చి, రాయిని పెకిలించి పక్కన పడేసి, నిలువెత్తు గొయ్యి తవ్వి, ఏమీ దొరక్క వెళ్ళిపోయారు. ఆ మధ్యాహ్నమే మామూ నుంచి ఫోను వచ్చింది. తెలుగులో మాట్లాడాడు.

"చిన్నాయన రాయి పడగొట్టిన్రురా. ఏందో ఫోన్ల ఆటట, దాన్ల ఆ రాయి ఉందట. గూడెపోళ్ళు నీ పేరు తీస్తున్నరు. నువ్వు కాదు గద?"

నాకు యాభై దగ్గరపడుతున్న వయసు. అవతల మామూ ఊపిరి వినిపిస్తోంది. "కాదు మామూ" అన్నాను.

"అట్ల చెప్పు. నాకు తెలుసు" అని పెట్టేశాడు.

ఆ వారం సంతలో, అందరి ముందూ, మామూ నెత్తిన చెయ్యి పెట్టుకుని మా పిల్లగాడు కాదని ఒట్టు వేశాడు. అది నాకు తర్వాత అత్త చెప్పింది. ఒట్టు వేసిన కాసేపటికే పక్కన గాజులమ్మే ఆమె తన ఫోను తీసి ఆయన చేతిలో పెట్టిందట. మామూకు ఆటలు తెలియవు, కోటలు తెలియవు. ఆయనకు తన తువ్వాల తెలుసు. అది కట్టాక వాళ్ళ ముందు నేను ఒక్క ఫోటో కూడా తియ్యలేదు. అంటే ఫోటో ఎప్పుడు తీశానో కూడా ఆయనకు వెంటనే అర్థమైపోయి ఉంటుంది. ఆ సాయంత్రం మళ్ళీ ఫోను చేశాడు. తిడతాడని చెవి దగ్గర్నుంచి కొంచెం దూరం పెట్టుకున్నాను.

"నా తువ్వాల గదరా అది" అన్నాడు. ఫోను మళ్ళీ చెవికి ఆనించుకున్నాను. "మంచిగ గీసినవ్. గళ్ళు సుత సరిగ్గ పడ్డయ్" అన్నాడు. అంతే. ఆ మాట కంటే చెప్పుతో కొట్టినా బాగుండేది.

నేనొస్తానంటే వద్దన్నాడు. ఒక్కడే గూడెం వెళ్ళి వచ్చాడు. ఏమైంది మామూ అంటే "అయిపోయింది తియ్" అన్నాడు. నేను ఆఫీసులో ఆ రాయి తీసేయమని అడిగాను, కారణం చెప్పకుండా. ఆటను వేరే కంపెనీకి అమ్మేశాం, ఇక మన చేతిలో లేదన్నారు. నేనూ పెద్దగా పట్టుబట్టలేదు, ఆ మాట దాచను. మామూ సంతలకు వెళ్ళడం మానలేదు. ఒకసారి భోజనాల దగ్గర నవ్వుతూ అన్నాడు, "ఇప్పుడు నా కాంటా ముల్లు సుత చూస్తున్నర్రా. మంచిదే, నా కండ్లు సుత సరిగ్గ కనబడుత లేవు" అని. అందరూ నవ్వారు. నేను నీళ్ళు తాగాను.

మరో రెండేళ్ళకు దవాఖానాలో నాలుగు రోజులుండి మామూ పోయాడు. జనాజా రోజున గూడెం నుంచి చిన్నమ్మ, ఇంకో ఇద్దరు వచ్చారు. ఖబరస్తాన్ గోడ బయట ఎండలో నిలబడ్డారు. నేను ఆమె కంటపడకుండా జనం మధ్యలోంచి రెండో గేటు వైపు వెళ్ళిపోయాను. మామూ మీద వేసిన మట్టి చేతులకు ఇంకా అంటుకునే ఉంది.

ఇవన్నీ మొన్న ఆ మూడు దెబ్బలకు లేచి కూర్చున్నాయి. హైదరాబాదు బస్సు వచ్చింది. లేచి, దాని పక్కనున్న ఇల్లందు బస్సెక్కాను. దారి పొడుగునా ఏం చెప్పాలో కూడబలుక్కున్నాను. కారేపల్లి దాటేసరికి అదంతా మర్చిపోయి, ఒళ్ళో బిర్యానీ డబ్బాతో బిక్కమొహం వేసుకుని మిగిలాను.

చిన్నమ్మ ఇంటి ముందు చింతకాయలు కొడుతోంది. ముసలిదైంది గానీ నడుము వంగలేదు. నన్ను చూసి పీట వేసింది. కూర్చోలేదు. నిలబడే చెప్పాను. ఫోటో తీసింది నేనని, దొంగతనంగా తీశానని, మామూ అడిగితే కాదని అబద్ధమాడానని, ఆ అబద్ధాన్ని నిజమనుకునే మామూ సంతలో ఒట్టు వేశాడని. ఆమె చింతకాయ కొట్టడం ఆపలేదు.

"మీ మామ అట్ల చెప్పలే" అంది. "మా పిల్లగాడు నాకు అంత చెప్పిండు చెల్లె, నేనే తెలిసి ఒట్టు పెట్టిన, అబద్ధం నాది అన్నడు. మా ఇంటి ముందట్నే, గూడెమంత ఇంటుంటె."

పీట మీద కూర్చుండిపోయాను. నలభై ఏళ్ళు నిలబెట్టుకున్న మాటను ఆ మనిషి ఒక్క మధ్యాహ్నం నా అబద్ధం మీద కప్పేసి వచ్చాడు. వచ్చి, అయిపోయింది తియ్ అన్నాడు. సంతలో వాళ్ళు ఆయన కాంటా ముల్లు చూసింది ఇందుకన్నమాట.

"మరి మీరు నమ్మిన్రా చిన్నమ్మా?"

"ఏం నమ్ముతం? నలభై ఏండ్ల సంది చూస్తున్నం, ఆయనకు అబద్ధం చెప్పొస్తదా?"

"మరి ముల్లెందుకు చూసిన్రు?" అని అడిగాను. నా గొంతులో తప్పు వాళ్ళదన్నట్టు కోపం కూడా ఉందేమో. ఉండే ఉంటుంది.

ఆమె మొదటిసారి నా మొహంలోకి చూసింది. "అబద్ధపోణ్ణి అని ఆయనే చెప్పుకున్నంక, సూడకుంటె ఆయన మాట తీసేసినట్టు గాదా? నిన్ను గాపాడనీకె అన్నడు గద ఆ మాట. ఎట్ల తీసేస్తం?" అంది.

బిర్యానీ డబ్బా ఆమె చేతికిచ్చాను. తీసుకుని లోపల పెట్టి, గుట్ట వైపు నడిచింది. నేను వెనక నడిచాను. రాయి మళ్ళీ నిలబడి ఉంది. ఆ గొయ్యి పూడ్చి, గూడెంవాళ్ళంతా కలిసి మర్నాడే నిలబెట్టుకున్నారట. మామూ కూడా ఒక చెయ్యి వేశాడట. ఆ వంగిన ఎడమ భుజం దగ్గర గడ్డపార దెబ్బకు ఒక పెచ్చు లేచిపోయింది. చెప్పులు కింద వదిలి ఆయన ముందు నిలబడ్డాను. ఈసారి నా తరఫున చెప్పడానికి ఎవరూ లేరు. చిన్నమ్మ పక్కకు తిరిగి నిలబడింది. మామూ మనిషిని అని చెప్పాలి. అలా చెప్పుకోవడానికి నాకేం హక్కుందో తెలియలేదు. వేరే ఎవరి మనిషిని అని చెప్పాలో కూడా తెలియలేదు. చివరికి ఆ మాటే అన్నాను, సిగ్గుతో సగం మింగుతూ. ఆమె విన్నదో లేదో, "పొద్దుపోతంది, దిగుదాం" అంది.

దిగబోతూ వెనక్కి తిరిగాను, అప్పటిలాగే. ఫోను జేబులోంచి తియ్యలేదు. మామూ కట్టిన తువ్వాల ఇంకా ఆయన మెడలోనే ఉంది. ఏడేళ్ళ ఎండకూ వానకూ గళ్ళన్నీ వెలిసి, పీలికలై, రాతి రంగులో కలిసిపోయింది. నేను గీసింది మాత్రం ఎవరు ఎన్నిసార్లు కొట్టినా ఇంకా ఆకుపచ్చగానే ఉంది.